తగ్గడం గురించి కాదు, తగ్గిన బరువు నిలబెట్టుకున్నవాళ్లు చెప్పండి

గట్టుమీద గోపి (కాకినాడ)

అందరికీ నమస్కారం. ఇక్కడ బరువు మీద ఏ థ్రెడ్ తెరిచినా "మూడు నెలల్లో పన్నెండు కిలోలు" అని ఫొటోలే. ఆ ఫొటోలు పెట్టినవాళ్లు మరుసటి ఏడాదికి ఎలా ఉన్నారో ఒక్కరూ రాయరు. నాకు కావాల్సింది అదే.

నా సంగతి. వయసు 43, ఎత్తు 170 సెంటీమీటర్లు, 94 కిలోలు ఉండేవాణ్ణి. హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని వచ్చింది. రాత్రిపూట అన్నం మానేసి, స్వీట్ల జోలికి వెళ్లకుండా, పొద్దున్నే నడుస్తూ 79కి వచ్చాను. ఇదివరకు కూడా ఒకసారి ఇలాగే తగ్గాను. మా చెల్లి పెళ్లి పనుల్లో మొదలై, దీపావళికల్లా అసలు, వడ్డీ రెండూ తిరిగొచ్చేశాయి.

ఇప్పుడు సంక్రాంతి దగ్గరపడుతోంది. మా అత్తవారిది ఆత్రేయపురం. మిగతాది మీరే ఊహించుకోండి.

ఒక్క షరతు. తగ్గి కనీసం రెండేళ్లు దాటినవాళ్లే రాయండి. ఎలా తగ్గారో వద్దు, ఇప్పుడు రోజూ ఏం తింటున్నారో, ఏం చేస్తున్నారో చెప్పండి.

నైట్ షిఫ్ట్ నాని (మాదాపూర్)

నాకు అర్హత లేదు. అయినా ముందు వరుసలో కూర్చుంటా.

సుబ్బలక్ష్మి వంటిల్లు (గుంటూరు)

గోపీ, నాకు 61 ఏళ్లు. 82 నుంచి 67కి వచ్చాను. కోవిడ్‌కి ముందటి సంవత్సరం నుంచీ 66, 69 మధ్యే తిరుగుతున్నాను.

మా ఇంట్లో నలుగురం. ఒకప్పుడు నెలకి ఐదు లీటర్ల నూనె డబ్బా చాలేది కాదు, నెలాఖరులో ఇంకో ప్యాకెట్ తెచ్చేవాళ్లం. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మనిషికి రోజుకి 20 నుంచి 30 గ్రాముల నూనె చాలంటారు. నలుగురికి నెలకి లెక్క వేసి చూడు, మూడు లీటర్లు చిల్లర అవుతుంది. అంటే మేం దాదాపు రెట్టింపు తాగేస్తున్నామన్నమాట. ఇప్పుడు ఒకటో తారీఖున మూడు లీటరు ప్యాకెట్లు వస్తాయి. ముందే అయిపోతే నెలాఖరు దాకా పప్పులు, పులుసులు, ఆవిరి కుడుములు. వేపుడు ఉండదు. మొదట్లో మావారు గొణిగారు. ఇప్పుడు ఆయనే ఇరవయ్యో తారీఖు దాటగానే ప్యాకెట్ పైకెత్తి చూస్తారు, వంకాయ వేపుడికి యోగం ఉందా లేదా అని.

రెండోది, అన్నం గిన్నె భోజనాల బల్ల మీదకి రాదు. వంటింట్లోనే వడ్డించుకుని వస్తాం. ఇంకాస్త కావాలంటే లేచి వెళ్లాలి. మాట్లాడుకుంటూ తింటే గరిట మీద చెయ్యి దానంతటదే పోతుంది, అది నీ తప్పు కాదు, గిన్నె ఎదురుగా ఉండటం తప్పు. కూర ముందు, అన్నం తర్వాత.

ఆవకాయ కలుపుకున్న పూట నెయ్యి లేదు. ముద్దపప్పు ఉంటే మాత్రం ఉంది. నేనేమీ సన్యాసం పుచ్చుకోలేదు.

పండగంటావా, అరిసెలు వండుతాను, తింటాను, ఆ సాయంత్రమే పంచేస్తాను. పండగ రోజు తిన్నదానితో ఎవరూ పెరగరు బాబూ. డబ్బాలో మిగిలిపోయి నెల రోజులు పలకరిస్తాయి చూడు, వాటితో పెరుగుతారు.

కొర్రల ప్రసాద్ (అనంతపురం)

అమ్మా, అసలు బియ్యమే మానేస్తే ఈ గిన్నెల గొడవ ఉండదు కదా. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు తినండి. ఎంత తిన్నా బరువు పెరగరు.

సుబ్బలక్ష్మి వంటిల్లు

నాయనా, వారంలో రెండు మూడు రోజులు నేనూ కొర్రలే వండుతాను. వంద గ్రాముల కొర్రల్లోనూ వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు దాదాపు ఒకటే. పీచు ఎక్కువ కాబట్టి కొద్దిగా తింటేనే కడుపు నిండుతుంది, అంతవరకు నిజం. "ఎంత తిన్నా" అన్నావు చూడు, అది మా ఆడపడుచు నమ్మింది. కొర్రల పొంగల్లో జీడిపప్పు, నెయ్యి ఎంత పోసేదో నేను చూశాను.

నైట్ షిఫ్ట్ నాని

నా కథ క్లుప్తంగా, హెచ్చరిక కింద తీసుకోండి. 2018 ప్రాంతంలో ఊరంతా కొబ్బరినూనె డైట్ చేసింది గుర్తుందా, నిమ్మకాయలు, నీళ్లు, అన్నం బంద్. నేనూ చేశాను. మొదటి వారంలోనే నాలుగు కిలోలు ఎగిరిపోయాయి. మొత్తం 13 తగ్గాను. మా ఆఫీసులో నేనే సెలబ్రిటీ. తర్వాత నిశ్చితార్థం, పెళ్లి, అల్లుడి మర్యాదలు. అన్నం మొదలుపెట్టిన వారంలో మూడు కిలోలు వచ్చేసరికి "ఇంక పోయింది" అని డీలా పడి మొత్తం వదిలేశాను.

మా బాబాయి మాత్రం అదే తిండి మీద ఇప్పటికీ ఉన్నాడు, బానే ఉన్నాడు. డాక్టర్ చూసి షుగర్ మాత్రలు కూడా తగ్గించారు. కాబట్టి డైట్‌ని అనడం లేదు. నేను జీవితాంతం అన్నం లేకుండా ఉండగలిగే మనిషిని కాను, అంతే.

స్టెత్ శాస్త్రి (కర్నూలు)

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఇక్కడ ఎవరికీ విడిగా చికిత్స చెప్పను, అందరికీ పనికొచ్చే సంగతులు రాస్తాను.

నాని, మొదటి వారంలో పోయిన ఆ నాలుగు కిలోల్లో చాలా వరకు నీళ్లు. పిండిపదార్థాన్ని ఒళ్లు గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం మానేస్తే అది ఖాళీ అవుతుంది, మళ్లీ తింటే నిండుతుంది. వారంలో తిరిగొచ్చిన మూడు కిలోలు కొవ్వు కాదు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే నువ్వు అంత డీలా పడేవాడివి కాదు. గోపీ, ఇది నీకూ వర్తిస్తుంది. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టిన వారంలో కిలో, కిలోన్నర పెరుగుతుంది. గాభరా పడకు.

ఇక అసలు విషయం. 94 నుంచి 79కి వచ్చిన మనిషికి, ఎప్పుడూ 79లోనే ఉన్న మనిషి కంటే కాస్త తక్కువ కేలరీలు సరిపోతాయి. బరువు తగ్గిందని ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల ఒళ్లు, ఆ బరువుకి ఉండాల్సిన దానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు. అది మరీ తీవ్రమైన పద్ధతి, మనలాంటి వాళ్లకి అంత ఉండదు. కానీ దిశ అదే.

ఆకలి సంగతి కూడా అంతే. మెల్‌బోర్న్‌లో 50 మంది మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది. పది వారాలు బాగా తక్కువ తిని బరువు తగ్గినవాళ్లకి, ఏడాది తర్వాత చూసినా ఆకలి పెంచే హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. "తగ్గాక ఇంకా ఎక్కువ ఆకలేస్తోంది డాక్టర్" అని పేషెంట్లు అంటే అది సాకు కాదు.

డైట్ నుంచి బయటికి రావడం ఒక్కరోజులో జరగకూడదు. వారానికి ఒక చిన్న వస్తువు కలుపు, ఒక పుల్కానో, ఒక చిన్న గిన్నె అన్నమో. రెండు మూడు వారాలు బరువు చూడు. నిలిచి ఉంటే ఇంకొంచెం కలుపు. ఎక్కడ పెరగడం మొదలైందో దానికి ఒక మెట్టు కింద ఆగు. అదే నీ కొత్త భోజనం. ఫ్యాటీ లివర్‌కి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితేనే మంచి ఫలితం ఉంటుంది, నువ్వు దాదాపు 16 శాతం తగ్గావు. ఇంకా తగ్గాలని ఇప్పుడే ఆరాటపడకు, ముందు ఇక్కడ నిలబడు.

సూటిగా చెప్తా (విజయవాడ)

ఈ హార్మోన్లు, గ్లైకోజెన్‌లు అన్నీ ఎందుకు సార్. నోరు కట్టుకుంటే తగ్గుతారు, వదిలేస్తే పెరుగుతారు. మా తాతల కాలంలో ఎవరికైనా ఉందా ఈ గోల?

బీచ్ రోడ్ భవాని (విశాఖపట్నం)

సూటిగా గారూ, మీ తాతగారు పొలం గట్ల మీద నడిచి ఉంటారు, మీరు లిఫ్ట్ ఎక్కుతున్నారు. నోరు కట్టుకోవడం అందరికీ వచ్చు. కట్టిన నోరు ఎన్నాళ్లు ఉంటుందన్నదే ఇక్కడ ప్రశ్న.

గోపి గారూ, నాకు మూడేళ్లు దాటింది. 76 నుంచి 61. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య), దాని మీద రెండో కాన్పు. నేను చెప్పబోయేది మగవాళ్లకి కొంచెం కొత్తగా అనిపించొచ్చు.

తగ్గడం కంటే తగ్గాక చుట్టాల్ని తట్టుకోవడం కష్టం. లావుగా ఉన్నప్పుడు "కాస్త ఒళ్లు తగ్గించమ్మా" అన్న పెద్దమ్మే, తగ్గాక "ఏంటే అలా చిక్కిపోయావు, మొహంలో కళే లేదు, షుగర్ టెస్ట్ చేయించావా?" అంది. పెళ్లిళ్లలో ప్రతి ఒక్కరూ నా ప్లేటు వైపు చూసేవాళ్లే. "ఒక్క ముద్ద, నా మీద ఒట్టు" అని అత్తగారు. ఆవిడ ప్రేమగానే పెడతారు, అందుకే కాదనడం కష్టం. నేను కనిపెట్టిన ఉపాయం, "డైట్‌లో ఉన్నాను" అని ఎప్పుడూ అనను. ఆ మాట అంటే సవాలు విసిరినట్టే. "భలే ఉంది అత్తయ్యా, రేపు పొద్దున్న ఇడ్లీలోకి దాచుకుంటాను" అంటాను. ఆవిడకీ సంతోషం, నాకూ ఆ పూట గడుస్తుంది.

పిల్లలు వదిలేసినవి తినడం మానేశాను. సగం ఇడ్లీ, పాలలో నానిన బిస్కెట్, రెండు ముద్దల పెరుగన్నం. పారెయ్యాలంటే పాపం అనిపిస్తుంది. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా పోగు చేస్తే అది ఇంకో భోజనం. ఇప్పుడు వాళ్లకే తక్కువ పెడతాను, కావాలంటే అడుగుతారు.

మూడోది ప్రొటీన్. మా ఇంట్లో "పప్పు రోజూ తింటాం కదా" అంటారు. నలుగురికి కలిపి వంద గ్రాముల కందిపప్పు పోస్తాం. అందులో ప్రొటీన్ 22 గ్రాముల దాకా ఉంటుంది. నా వాటాకి వచ్చేది ఐదారు గ్రాములు, ఒక్క కోడిగుడ్డంత. మిగతాదంతా నీళ్లు, టమాటా, పోపు. ఇప్పుడు పొద్దున్న రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు లేదా మీల్‌మేకర్, రాత్రికి పెరుగు, వారంలో రెండుసార్లు చేపలు. ఇలా తింటే నాలుగింటికి చెయ్యి చేగోడీల డబ్బాలోకి పోదు. ఇంట్లోనే డంబెల్స్‌తో వారానికి మూడు రోజులు. నడక ఒక్కటే చేసినప్పుడు బరువుతో పాటు ఒంట్లో బలమూ పోయినట్టుండేది, మెట్లెక్కితే తెలిసేది.

ఇంకో సంగతి, ఆడవాళ్ల కోసం. జాకెట్లు కుట్టించేటప్పుడు లోపల మార్జిన్ వదలొద్దని టైలర్‌కి చెప్పాను. "పెరిగితే విప్పుకోవచ్చు కదమ్మా" అన్నాడు. విప్పుకునే వీలుంటే విప్పుకుంటూనే పోతాం. పాత చుడీదార్లన్నీ ఇచ్చేశాను. ఇప్పుడు నడుం దగ్గర బిగిస్తే బరువు మిషన్ కంటే ముందే తెలుస్తోంది.

నైట్ షిఫ్ట్ నాని

మార్జిన్ మాట మా ఆవిడకి చదివి వినిపించాను. "నీ ప్యాంట్లకి కూడా చెప్పు" అంది.

ఓరుగల్లు కండక్టర్ (హనుమకొండ)

గోపి అన్నా, నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. 88 ఉండేవాణ్ణి, ఇప్పుడు 74. నాలుగో ఏడు నడుస్తోంది.

మా పని తెలుసు కదా, పొద్దున ఐదింటికి బస్సు ఎక్కితే ఏ బస్టాండ్‌లో ఏది దొరికితే అది. మిర్చి బజ్జీలు, పునుగులు, పూరీలు. అన్నింటికంటే పెద్ద దొంగ చాయ్. ప్రతి ట్రిప్పు చివర చాయ్, రోజుకి ఏడెనిమిది అయ్యేవి. ఒక్కో చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేసుకున్నా చక్కెరే మూడు వందల కేలరీలు. తిన్నట్టే ఉండదు. ఇప్పుడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, చక్కెర లేకుండా. మొదటిసారి అడిగినప్పుడు బండి ఆయన "అరే, నీక్కూడా షుగర్ వచ్చిందా" అన్నాడు. నెల రోజుల్లో అలవాటైంది. ఇప్పుడు మామూలు చాయ్ తాగితే పానకంలా ఉంటోంది.

సద్ది ఇంటి నుంచే. రెండు జొన్న రొట్టెలు, ఏదో ఒక ఆకుకూర పప్పు, ఉల్లిగడ్డ. జొన్న రొట్టె నమిలి తినాలి, గబగబా మింగలేం. రెండింటితో నాకు కడుపు నిండుతుంది, అదే చపాతీలైతే ఐదు తిని కూడా చూసేవాణ్ణి.

దావత్‌లు తప్పవు. చుట్టాలు మస్తు. పోతాను, మటన్ కడుపునిండా తింటాను, బగారా అన్నం ఒక్కసారే పెట్టించుకుంటాను, రెండోసారి వడ్డించేటాయన వచ్చేలోపు ఆకు మడిచేస్తాను. ఆకు మడిస్తే ఇంకెవరూ బలవంతం చెయ్యరు. ప్లేట్ల భోజనాల్లో ఈ సౌకర్యం లేదు.

డ్యూటీ లేని రోజే డేంజర్. పని లేకపోతే నోరు ఊరికే ఉండదు. ఆ రోజు స్టేడియం చుట్టూ తిరిగి, కూరగాయలు కొని, బండి తీయకుండా నడిచే వస్తాను.

డాలస్ పద్మ

నాది వేరే దారి. ఇక్కడ అమెరికాలో వారానికోసారి వేసుకునే, ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకున్నాను. 17 కిలోలు తగ్గాను. దాని గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, "అడ్డదారి" అంటారని. దాని మీద ఉన్నప్పుడు మొదటిసారి తెలిసింది, మామూలు మనుషులకి బుర్రలో తిండి గోల ఉండదని. ఫ్రిజ్‌లో గులాబ్ జామ్ ఉందన్న సంగతి మర్చిపోవడం నా జీవితంలో ఎప్పుడూ లేదు.

తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు కట్టడం ఆపేశారు. మందు ఆగింది, గోల తిరిగొచ్చింది. ఏడాదిలో సగానికి పైగా బరువు వచ్చేసింది. దాని మీద పెద్ద పరిశోధనే ఉంది, మందు ఆపిన ఏడాదికి తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారు. నేను లెక్కలో బాగానే సరిపోయాను. ఇప్పుడు డాక్టర్‌తో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి బీపీ మాత్రలా ఎన్నాళ్లయినా వాడాల్సి రావచ్చు అనుకునే.

ఇండియాలో కూడా 2025లో మౌంజారో, వెగోవీ అని ఇలాంటి ఇంజెక్షన్లే వచ్చాయి కదా. పెళ్లి కోసం మూడు నెలలు వాడి ఆపేద్దామనుకునే పిల్లలు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్లకి ఈ మాట చెప్పండి.

నైట్ షిఫ్ట్ నాని

పద్మ గారూ, ఎంత డోసుతో మొదలుపెట్టాలి? మా ఫ్రెండ్ ఒకడు ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంటున్నాడు.

మోడరేటర్

మందుల డోసులు, ఎక్కడ దొరుకుతాయి అన్నవి ఇక్కడ రాయకండి. అలాంటివి తీసేస్తాం. చర్చ కొనసాగించండి.

స్టెత్ శాస్త్రి

మోడరేటర్ గారికి థాంక్స్. నాని, మీ ఫ్రెండ్‌ని డాక్టర్ దగ్గరికి పంపు. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్లకి, కొన్ని రకాల థైరాయిడ్ క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవాళ్లకి, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకి అవి సరిపడవు. ఆన్‌లైన్‌లో తెప్పించేవాడు అవేమీ అడగడు.

పద్మ గారు చెప్పింది విలువైన మాట. అడ్డదారి ఏమీ లేదమ్మా. కళ్లజోడు పెట్టుకుంటే అడ్డదారి అంటామా?

డాలస్ పద్మ

థాంక్యూ డాక్టర్ గారు.

ఇక్కడ 1994 నుంచి ఒక జాతీయ రిజిస్ట్రీ ఉంది, బరువు నిలబెట్టుకున్నవాళ్ల కోసమే. 30 పౌండ్లు, అంటే పదమూడున్నర కిలోలు తగ్గి ఏడాది పాటు నిలుపుకున్నవాళ్లనే చేర్చుకున్నారు. పదివేల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారట. ఎక్కువ మంది టిఫిన్ మానరు. సగటున రోజుకి గంట వ్యాయామం చేస్తారు. గోపి గారి ప్రశ్నకి ఇది దగ్గరగా ఉందనిపించింది.

స్టెత్ శాస్త్రి

ఒక చిన్న సవరణ. వాళ్లంతా తమంతట తాము పేరిచ్చుకున్నవాళ్లు. టిఫిన్ తినడం వల్లే నిలబడ్డారని దీన్నిబట్టి చెప్పలేం. ఆ గంట వ్యాయామం, బరువు చూసుకోవడం మాత్రం నేను నా పేషెంట్లలోనూ చూస్తాను. మందు రాసిన ప్రతిసారీ చెప్పే ఇంకో సంగతి, మన భారతీయులకి నడుం కొలత ముఖ్యం. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. బరువు అలాగే ఉండి నడుం పెరుగుతుంటే కండ పోయి కొవ్వు చేరుతోందేమో చూసుకోవాలి. టేపు పది రూపాయలు.

రాజమండ్రి మాస్టారు

ఆలస్యంగా చూశాను. రిటైర్డ్ లెక్కల మాస్టార్ని, 68 ఏళ్లు.

నేను 18 కిలోలు తగ్గి, అందులో 5 తిరిగి పెరిగి, అక్కడ ఆగాను. ఆరేళ్లు దాటింది. మా అబ్బాయి దాన్ని ఓటమి అంటాడు. నేను ఒప్పుకోను. 91 నుంచి 73కి వెళ్లినప్పుడు నేను రోజంతా తిండి గురించే ఆలోచించేవాణ్ణి, చిరాకు, చలి, రాత్రి నిద్ర పట్టేది కాదు. 78 దగ్గర హాయిగా ఉన్నాను. మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిన ప్రతి కిలోకి, నడిచేటప్పుడు అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. పదమూడు కిలోలకి ఎంతో మీరే గుణించుకోండి.

నా పద్ధతి ఒక్కటే. ఆదివారం పొద్దున్న, కాలకృత్యాలు అయ్యాక, కాఫీకి ముందు, బరువు చూసి నోటుబుక్కులో గ్రాఫు పెడతాను. 80 దగ్గర ఎర్ర గీత గీసి ఉంది. గీత లోపల ఎటు ఊగినా పట్టించుకోను. గీత దాటితే మాత్రం మర్నాటి నుంచి ముందే రాసి పెట్టుకున్న మూడు పనులు. రాత్రి అన్నానికి బదులు ఒక పుల్కా, కూర. కాఫీలో పంచదార బంద్. సాయంత్రం కూడా గోదావరి గట్టు మీద నడక. గీత లోపలికి వచ్చేదాకా అంతే. వచ్చాక మళ్లీ మామూలు. ఏం చేయాలో గీత దాటిన రోజు ఆలోచించకూడదు, ఆ రోజు బుర్ర మన పక్షాన ఉండదు. ముందే రాసి పెట్టుకోవాలి.

గోపీ, రెండు కిలోలు తగ్గించడం పెద్ద పని కాదు. పది కిలోలు పెరిగేదాకా మిషన్ ఎక్కకుండా ఉండటమే మన జాతీయ అలవాటు.

కొర్రల ప్రసాద్

మాస్టారూ, గీత సంగతి బాగుంది, రేపటి నుంచే మొదలుపెడతా. నేను "ఎంత తిన్నా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సుబ్బలక్ష్మి గారు పొంగలి విషయంలో మా ఇంటికి వచ్చి చూసినట్టే రాశారు.

ఓరుగల్లు కండక్టర్

గోపి అన్నా, ఇంకోటి. ఏడాదికోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను, 3550 మెట్లు. 88 కిలోలప్పుడు గాలిగోపురం దగ్గరే ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు ఎంత ఆయాసం వస్తుందో అదే నాకు పరీక్ష. బరువు అంకె కంటే అది నిజం చెబుతుంది.

సూటిగా చెప్తా

సరే, ఒప్పుకుంటున్నా, చదవాల్సిన థ్రెడ్డే. కానీ మా తాత మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గట్టుమీద గోపి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పండగ అయిపోయింది, ఇదిగో నా రిపోర్ట్.

ఆత్రేయపురంలో నాలుగు రోజులు. తిన్నాను, దాచుకోను. భవాని గారి "రేపు పొద్దున్నకి దాచుకుంటా" మంత్రం మా అత్తగారి దగ్గర ఒక్కసారే పనిచేసింది, రెండోసారి ఆవిడ నవ్వేశారు. అక్కడ ఆకులు మడిచే భోజనాలే కాబట్టి కండక్టర్ అన్న ఉపాయం బాగా అక్కరకొచ్చింది. పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచాను, మా బావమరిది కూడా వచ్చాడు, వాడికీ ఫ్యాటీ లివర్ ఉందట, ఇంట్లో చెప్పలేదట.

తిరిగొచ్చి మిషన్ ఎక్కితే 80.9. ఒకప్పుడైతే అక్కడే చేతులెత్తేసేవాణ్ణి. డాక్టర్ గారు చెప్పిన నీళ్ల సంగతి గుర్తొచ్చి మామూలు తిండికి వచ్చేశాను. పది రోజుల్లో 79.5. మాస్టారిలా 81 దగ్గర గీత గీసి, మూడు పనులు రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. మా ఆవిడ నాలుగోది తనే రాసింది, "ఫోన్ చూస్తూ తినకూడదు" అని.

వంటింటి నూనె లెక్క ఇంకా మొదలుకాలేదు. దాని మీద చర్చలు జరుగుతున్నాయి.

సుబ్బలక్ష్మి వంటిల్లు

చర్చలు కాదు, నువ్వు వారానికి రెండు రోజులు వంట చెయ్యి. నూనె ఎంత పోస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.

హాస్టల్ హరి (తిరుపతి)

అన్నలూ అక్కలూ, కొత్తగా చేరాను. 22 ఏళ్లు, 97 నుంచి 86కి వచ్చాను. మీరు చెప్పేవన్నీ ఇంట్లో ఉండేవాళ్లకి. మా మెస్‌లో పొద్దున్న పొంగలి, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి మళ్లీ అన్నం. వంట మన చేతిలో లేదు. ఎలా నిలబెట్టుకోవాలి?

బీచ్ రోడ్ భవాని

తమ్ముడూ, మెస్‌లో అన్నం మానడం కుదరదు, పెట్టించుకోవడం నీ చేతిలో ఉంది. ఒక్కసారి పెట్టించుకో, సాంబారులో అడుగున ఉన్న పప్పూ ముక్కలూ అడిగి వేయించుకో. బయట షాపులో పెరుగు కప్పు, వేయించిన సెనగలు, అరటిపండు దొరుకుతాయి, నాలుగింటికి అవి తిను. సమోసా టైమ్ అదే కదా. గుడ్లు ఉడకబెట్టుకునే వీలుందా?

హాస్టల్ హరి

కెటిల్ ఉందక్కా. అందులో గుడ్లు ఉడుకుతాయా?

నైట్ షిఫ్ట్ నాని

నాకు అర్హత ఉన్న ప్రశ్న ఇన్నాళ్లకి వచ్చింది. ఉడుకుతాయి తమ్ముడూ. గుడ్లు మునిగేలా నీళ్లు పోసి ఆన్ చెయ్యి. దానంతటదే ఆగిపోయాక మూత తీయకుండా పావుగంట వదిలెయ్. పెంకు పగిలితే నీళ్లు పొంగుతాయి, మెల్లగా దించు. తర్వాత కెటిల్ నిమ్మచెక్కతో కడుగు, లేకపోతే నీ రూమ్మేట్ టీ పెట్టుకున్న రోజు దొరికిపోతావు.